అపరిచిత సన్నివేశంలో తండ్రి: శిశు అనుబంధ సిద్ధాంతంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
శిశువుకు తల్లితోనూ తండ్రితోనూ ఏర్పడే అనుబంధాన్ని గురించిన ఆధునిక మనోవిజ్ఞాన చర్చ ప్రధానంగా జాన్ బౌల్బీ, మేరీ ఎయిన్స్‌వర్త్ ప్రతిపాదించిన సిద్ధాంతం చుట్టూ నడిచింది. తండ్రితో ఏర్పడే అనుబంధం బలహీనమైనదనీ, తల్లితో అనుబంధానికి తరువాతిదనీ పాఠ్యగ్రంథాలలో ఒక అభిప్రాయం స్థిరపడింది. అందులో శిశువును చూసి చెప్పినది ఎంత, కొలిచిన సాధనం వల్ల వచ్చినది ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తండ్రిని కేవలం ఆటకాడిగా నిలబెట్టిన తరువాతి సవరణను కూడా ప్రశ్నిస్తుంది. తెలుగు కుటుంబాలలోని పురుడు ఆచారాన్ని, శిశుసంబంధమైన తెలుగు మాటలను ఈ చర్చకు జోడిస్తుంది.

కీలకపదాలు: అనుబంధం, శిశువు, తల్లి, తండ్రి, బౌల్బీ, ఎయిన్స్‌వర్త్, అపరిచిత సన్నివేశం, స్పందనశీలత, పుట్టింటి పురుడు, బెంగ.

1. ఉపోద్ఘాతం

ఒక గది. అందులో రెండు కుర్చీలు, నేలమీద కొన్ని బొమ్మలు. ఏడాది వయసున్న బిడ్డను ఎత్తుకొని తల్లి లోపలికి వస్తుంది. కాసేపటికి ముక్కూముఖం తెలియని ఒక స్త్రీ వచ్చి కూర్చుంటుంది. తల్లి బయటికి వెళ్తుంది, తిరిగివస్తుంది. మళ్ళీ వెళ్తుంది. ఈసారి గదిలో బిడ్డ ఒంటరి. మొదట ఆ కొత్తమనిషి, ఆమె తరువాత తల్లి తిరిగివస్తారు. ఎనిమిది ఘట్టాలు, ఒక్కొక్కటి మూడు నిమిషాలకు మించదు. 1969లో ఎయిన్స్‌వర్త్, బార్బరా విట్టిగ్ ప్రకటించిన ఈ పద్ధతిని 'అపరిచిత సన్నివేశం' అని వ్యవహరించవచ్చు. తల్లి తిరిగివచ్చినప్పుడు బిడ్డ ఏం చేసిందన్నదే ఇక్కడ ముఖ్యం. దగ్గరికి చేరి ఊరట పొంది మళ్ళీ ఆటలో పడితే అది భద్ర అనుబంధం. ముఖం తిప్పుకుంటే విముఖ అనుబంధం. ఎత్తుకొమ్మని ఏడుస్తూనే ఎత్తుకున్న చేతిని తోసివేస్తే ప్రతిఘటనాత్మక అనుబంధం. మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ తరువాత నాలుగో వర్గాన్ని చేర్చారు.

అర్ధశతాబ్దికి పైగా శిశువు మనసు గురించి మనం చెప్పుకుంటున్న మాటలలో పెద్దభాగం ఈ గదిలోంచి వచ్చినదే. ఆ గదిలోకి తండ్రి చాలా ఆలస్యంగా వచ్చాడు. వచ్చినప్పుడు కూడా తల్లి ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడే తప్ప, అతనికోసం గదిని ఎవరూ మళ్ళీ అమర్చలేదు. అక్కడ తేలిన ఫలితాలను 'తండ్రితో అనుబంధం తక్కువది' అని చదవడం ఎంతవరకు న్యాయం అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. మన మనోవిజ్ఞాన, విద్యాశాస్త్ర తరగతులలో ఈ పాఠం తరచుగా లోరెంజ్ బాతుపిల్లలతో మొదలై, హార్లో కోతిపిల్లల మీదుగా, బౌల్బీ, ఎయిన్స్‌వర్త్‌ల దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాత జరిగిన చర్చ మన సిద్ధాంతగ్రంథాలలోకి రాకపోవడం వల్ల కలిగే నష్టం కేవలం విద్యాసంబంధమైనది కాదు. దాని ఛాయ సెలవు నిబంధనలమీద, పిల్లల సంరక్షణ వివాదాలమీద కూడా పడుతుంది.

2. బౌల్బీ రచనలో తండ్రి స్థానం

బౌల్బీకి న్యాయం చేస్తూనే విమర్శ మొదలుపెట్టాలి. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఇల్లూవాకిలీ కోల్పోయిన పిల్లల మానసికస్థితిపై నివేదిక ఇమ్మని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆయనను కోరింది. 1951లో వెలువడిన ఆ నివేదిక అనాథాశ్రమాలలో తిండీ శుభ్రతా ఉన్నా పిల్లలు ఎందుకు వాడిపోతున్నారన్న ప్రశ్నను ప్రభుత్వాల ముందుంచింది. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఆసుపత్రిలో చేరిన రెండేళ్ళ పాప మీద తీసిన చిత్రం బ్రిటన్‌లో పిల్లల వార్డులలోకి తల్లిదండ్రులను రానివ్వని పద్ధతి సడలడానికి దోహదం చేసింది. వీటిని మరచి బౌల్బీని స్త్రీలను ఇంటికి కట్టిపడేసిన సిద్ధాంతకర్తగా మాత్రమే చూపడం తొందరపాటు.

అయినా ఆ 1951 నివేదికలో తండ్రి ఎక్కడున్నాడు? శిశువుకు అతను నేరుగా ఏమవుతాడన్నది అక్కడ చర్చకు రాదు. ఇల్లు గడవడానికి ఆర్థికంగానూ, తల్లి మనసు నిలకడగా ఉండడానికి ఆత్మీయంగానూ ఆసరాగా నిలిచేవాడిగా మాత్రమే అతను కనిపిస్తాడు. అంటే తండ్రి విలువ తల్లిద్వారా శిశువుకు చేరుతుంది. తల్లి పోతే తండ్రి పినతండ్రితో సమానమని మనలో ఒక నానుడి ఉంది. అది సవతితల్లి ఇంట్లో అడుగుపెట్టిన తరువాతి సంగతి చెప్పే మాటే అయినా, తండ్రీబిడ్డల సంబంధం తల్లిమీదుగా మాత్రమే నిలుస్తుందన్న ఊహ రెండుచోట్లా ఒకటే. లండన్ నిపుణుడి నివేదికా, తెలుగు సామెతా ఒకే అరుగుమీద కూర్చోవడం ఆశ్చర్యమే. ఒకటి శాస్త్రంగా చలామణి అయింది, రెండోది లోకోక్తిగా మిగిలింది.

1958లో బౌల్బీ ప్రకటించిన ప్రసిద్ధవ్యాసం శీర్షికలోనే బిడ్డకు 'తల్లితో' గల బంధం ఉంది. శిశువుకు ఒకే ఒక ప్రధానవ్యక్తి వైపు మొగ్గే సహజధోరణి ఉంటుందన్న 'ఏకోన్ముఖత' భావన ఇక్కడినుంచే బలపడింది. 1969, 1973, 1980 సంవత్సరాలలో వెలువడిన మూడు సంపుటాలలో ఈ సిద్ధాంతం పూర్తిరూపం పొందింది. 'తల్లి' అన్నప్పుడు కన్నతల్లి అనే కాదు, బిడ్డను తల్లిలా సాకే వ్యక్తి అని అర్థం చేసుకోవాలని ఆయనే వివరణ ఇచ్చుకున్నారు. ఈ వివరణను ఆయన సమర్థకులు తరచుగా ముందుకు తెస్తారు. కానీ అది పదానికి ఇచ్చిన సడలింపే తప్ప పరిశీలనకు ఇచ్చినది కాదు. పరిశీలించినదంతా తల్లులనే అయినప్పుడు, ఆ పదంలో తండ్రి కూడా ఇముడుతాడనడం వ్యాకరణంలో చెల్లుతుందేమో గాని ప్రమాణంగా చెల్లదు.

హార్లో ప్రయోగాన్నీ ఈ దృష్టితో మళ్ళీ చదవవలసి ఉంది. 1958లో ఆయన వివరించిన ప్రయోగంలో కోతిపిల్లలు పాలసీసా ఉన్న తీగబొమ్మను వదిలి, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మను కరచుకొని ఉండిపోయాయి. ఆకలి తీర్చడమే ప్రేమకు మూలమన్న వాదం దానితో కూలిపోయింది. ఇక్కడొక చిన్న విషయం మరుగునపడింది. ఆ గుడ్డబొమ్మ ఆడదీ కాదు, మగదీ కాదు. దానికి పాలూ లేవు. దానిని 'తల్లి' అన్నది కోతిపిల్ల కాదు, పరిశోధకుడు. పాలివ్వడం అనుబంధానికి అత్యవసరం కాదని తేల్చిన ప్రయోగం నిజానికి తండ్రికి తలుపు తెరవాలి. పెట్టిన పేరు వల్ల అది తల్లి మహిమకు సాక్ష్యమైంది.

3. గ్లాస్గో ఇళ్ళలో కనిపించినది

ఎయిన్స్‌వర్త్ గది ఏర్పడకముందే, 1964లో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో 60 మంది శిశువులను అనుసరించి ఒక అధ్యయనం ప్రకటించారు. తొలి ఏడాది నెలనెలా, మళ్ళీ 18 నెలల వయసులో ఆ ఇళ్ళకు వెళ్ళారు. కొత్తగది, కొత్తమనిషి అవసరం లేకుండా, రోజువారీ జీవితంలో ఎవరు వదిలివెళ్తే బిడ్డ ఏడుస్తుందో ఆరా తీశారు. గదిలో వదిలినప్పుడు, ఇంటిబయట వదిలినప్పుడు, రాత్రి పడుకోబెట్టి వెళ్ళినప్పుడు, ఇలాంటి సందర్భాలు.

సుమారు ఏడో నెల తరువాత శిశువులు నిర్దిష్టవ్యక్తుల కోసం ఏడవడం మొదలుపెట్టారు. మొదట్లో ఎక్కువమందికి ఆ వ్యక్తి తల్లే. కాని చాలామంది ఆమె దగ్గరే ఆగలేదు. 18 నెలలకు వచ్చేసరికి నాలుగింట మూడువంతుల మంది తండ్రితోనూ అనుబంధం చూపారు. ఒక్క వ్యక్తితో మాత్రమే అనుబంధం ఉన్న శిశువులు 13 శాతమే. అవ్వలు, తాతలు, తోబుట్టువులు, పొరుగువారు కూడా ఆ జాబితాలో చేరారు. రోజంతా దగ్గరుండి తినిపించిన వ్యక్తికే బిడ్డ చేరువ కావాలన్న నియమమేదీ కనబడలేదు. పిలిస్తే పలికేవారికి, తనతో గట్టిగా ముచ్చటించేవారికి శిశువు చేరువైంది.

ఈ అధ్యయనానికీ లోపం ఉంది. సమాచారం అంతా తల్లులు చెప్పినదే. తండ్రి వెళ్ళినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది తల్లి నోట విన్నదే తప్ప కంట చూసినది కాదు. ఆ లోపాన్ని పూరించినది మిల్టన్ కోటెల్చక్. 1970ల తొలినాళ్ళలో ఆయన 6 నుంచి 21 నెలల లోపు శిశువులు 144 మందిని ప్రయోగశాలలో తల్లి, తండ్రి, అపరిచితవ్యక్తి వంతులవారీగా వచ్చిపోతుండగా పరిశీలించారు. తల్లి వెళ్ళినప్పుడు ఆట మానిన బిడ్డ తండ్రి వెళ్ళినప్పుడూ మానింది. ఎక్కువమంది తల్లివైపు మొగ్గినా, తండ్రివైపు మొగ్గినవారు విస్మరించదగినంత కొద్దిమంది కారు. 1975లో మైకేల్ లాంబ్ ఒక వ్యాసంలో తండ్రులను శిశువికాసంలో మరుగునపడిన భాగస్వాములని పేర్కొన్నాడు. మరుగునపడినది తండ్రులు మాత్రమే కాదు, అప్పటికే పదకొండేళ్ళ క్రితం అచ్చైన గ్లాస్గో అధ్యయనం కూడా.

ఎయిన్స్‌వర్త్ కూడా ఈ వైవిధ్యాన్ని చూడనిది కాదు. 1950ల నడుమ ఉగాండాలో గాండా కుటుంబాలను పరిశీలించి, 1967లో ఆమె వెలువరించిన గ్రంథంలో తల్లితో పాటు ఇతరులతో, తండ్రితో కూడా చేరువైన శిశువుల ప్రస్తావన ఉంది. ఉగాండా ముంగిళ్ళలో కంటికి కనిపించినది బాల్టిమోర్ గదిలో ఎలా జారిపోయిందన్నది ఆలోచించదగిన విషయం. ముంగిట్లో ఎవరు ఎప్పుడు వస్తారో పరిశోధకురాలి చేతిలో ఉండదు. గదిలో ఉంటుంది.

4. తల్లి కోసం చేసిన కొలబద్ద

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. 1981లో మేరీ మెయిన్, డోనా వెస్టన్ అదే శిశువులను తల్లితో 12 నెలలకు, తండ్రితో 18 నెలలకు అపరిచిత సన్నివేశంలో చూశారు. తల్లితో భద్రంగా ఉన్న బిడ్డ తండ్రితో అలా లేకపోవచ్చు, తండ్రితో భద్రంగా ఉన్న బిడ్డ తల్లితో అలా లేకపోవచ్చు. అనుబంధరీతి బిడ్డ స్వభావంలో ఉండేది కాదనీ, ఒక్కొక్క సంబంధానికీ విడివిడిగా చెందేదనీ దీనివల్ల తెలిసింది. తరువాతి సమాహార పరిశీలనలు ఈ రెండింటి నడుమ కొద్దిపాటి పోలికను చూపాయి. 1997లో మారినస్ వాన్ ఐజెండోర్న్, మరియాన్ ద వోల్ఫ్ లెక్కించిన సహసంబంధ గుణకం 0.17 మాత్రమే.

పాఠ్యగ్రంథాలలో ఎక్కువగా కనిపించే అంకె వేరు. తండ్రి స్పందనశీలతకూ, శిశువు తండ్రితో చూపే భద్రతకూ ఉన్న సంబంధం ఎంత? అదే 1997 పరిశీలనలో ఎనిమిది అధ్యయనాలను కలిపి చూస్తే 0.13 వచ్చింది. 2011లో నికోల్ లూకాసెన్ బృందం పదహారు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు 0.12. తల్లుల విషయంలో ఇదే అంకె 0.24. దాదాపు రెట్టింపు. ఇక్కడినుంచి 'తండ్రి ప్రభావం తల్లి ప్రభావంలో సగం' అన్న వాక్యానికి దూరం చాలా తక్కువ. ఆ దూరాన్ని పలువురు దాటేశారు.

ఈ అంకెలను వర్గం చేసి చూస్తే కథ కొంచెం మారుతుంది. 0.24కు వర్గం సుమారు 0.06. శిశువుల అనుబంధంలో కనిపించే వైవిధ్యంలో తల్లి స్పందనశీలత వివరించగలిగినది ఆరు శాతం దాపున. తండ్రిది రెండు శాతానికి లోపు. తండ్రి అంకె చిన్నదన్న మాట నిజమే. తల్లి అంకె కూడా ఆమె భుజాలమీద మోపిన బాధ్యతకు తగినంత పెద్దది కాదన్న మాట అంతే నిజం. మొదటి మాట మాత్రమే గ్రంథాలలోకి ఎక్కింది. బిడ్డ ముఖం తిప్పుకుంటే తల్లినే తప్పుపట్టే అలవాటుకు ఈ ఆరు శాతం ఏపాటి ఆధారం?

తండ్రి అంకె చిన్నది కావడానికి రెండు కారణాలుండవచ్చు. తండ్రి ఎలా మెలిగినా శిశువుకు పెద్దగా పట్టకపోవడం ఒకటి. తండ్రి చేసే పనిలో శిశువుకు పట్టేదేదో దానిని మనం కొలవకపోవడం రెండోది. ఎయిన్స్‌వర్త్ స్పందనశీలత కొలమానాన్ని ఆమె బాల్టిమోర్‌లో 26 కుటుంబాల ఇళ్ళలో తల్లులను ఏడాది పొడవునా గమనించి రూపొందించారు. ఏడుపు విని ఎంతసేపటికి వచ్చింది, పాలిచ్చేటప్పుడు బిడ్డ తీరును పట్టించుకుందా, ఎత్తుకున్నప్పుడు పొదివిపట్టుకుందా అన్న గమనింపులనుంచి అది పుట్టింది. తల్లుల పనిలోంచి తీసిన కొలమానంతో తండ్రులను కొలిస్తే తండ్రులు తక్కువ తూగడంలో వింతేముంది? మానికతో బియ్యం కొలిచి, అదే మానికతో గుడ్డ కొలవబోయి, గుడ్డ తక్కువైందనడం లాంటిది.

అపరిచిత సన్నివేశం కూడా అంతే. అది భయాన్ని పుట్టించి చూసే ప్రయోగం. బిడ్డ బెదిరినప్పుడు ఎవరిని ఆశ్రయిస్తుందో చూపగలదు. బెదరని వేళ ఎవరి అండతో ముందుకు కదులుతుందో అంతగా చూపలేదు. బౌల్బీ సిద్ధాంతంలోనే ఈ రెండూ ఉన్నాయి. ఆశ్రయం ఒకటి, లోకాన్ని శోధించడానికి నిలిచే ఆలంబన మరొకటి. కొలిచేటప్పుడు మొదటిదానికి పెద్దపీట వేసి, రెండోదానిని గడపబయట నిలిపారు.

జర్మనీలోని బీలెఫెల్డ్‌లో కారిన్ గ్రాస్‌మన్, క్లాస్ గ్రాస్‌మన్ నడిపిన దీర్ఘకాల అధ్యయనం ఈ గడపను దాటింది. 2002లో వారి బృందం ప్రకటించిన వ్యాసంలో 44 కుటుంబాల పదహారేళ్ళ చరిత్ర ఉంది. బిడ్డకు రెండేళ్ళ వయసులో తండ్రి దానితో ఎలా ఆడుకున్నాడో వారు పరిశీలించారు. బిడ్డ చేతకానితనాన్ని తొందరపెట్టకుండా, అలాగని పని తానే చేసిపెట్టకుండా, దాని శక్తికి కొంచెం మించిన సవాలును ముందుంచి పక్కన నిలిచాడా అన్నది వారి కొలమానం. పదేళ్ళప్పుడు, పదహారేళ్ళప్పుడు ఆ పిల్లలు ఆత్మీయసంబంధాలను ఎలా అర్థం చేసుకుంటున్నారన్న దానితో తండ్రి ఆటతీరుకు సంబంధం కనిపించింది. శైశవంలో తండ్రితో జరిపిన అపరిచిత సన్నివేశం ఫలితానికి అటువంటి సంబంధం కనిపించలేదు. నలభైనాలుగు కుటుంబాలన్నది చిన్న సంఖ్య, ఒకే నగరం, ఒకే కాలం. దీనిమీద భవంతి కట్టలేం. అయినా కొలబద్ద మారితే మనిషి ఎత్తు మారినట్లు కనిపిస్తుందని నిరూపించడానికి ఇది చాలు.

5. ఆటకాడు తండ్రి అన్న మరో మూస

గ్రాస్‌మన్‌ల తరువాత గాలి రెండోవైపు వీచింది. 2004లో కెనడాకు చెందిన డానియెల్ పాకెట్ తండ్రీబిడ్డల బంధాన్ని ఊరడింపుకు కాక ఉత్తేజానికి చెందినదిగా వర్ణిస్తూ ఒక ప్రతిపాదన చేశాడు. లాంబ్ 1970లలో అమెరికా ఇళ్ళలో చూసినది కూడా దీనికి తోడైంది. తల్లులు బిడ్డను ఎక్కువగా శుభ్రంచేయడానికి, తినిపించడానికి ఎత్తుకుంటే, తండ్రులు ఆడించడానికి ఎత్తుకున్నారు. తల్లి ఊరట, తండ్రి ఆట అన్న విభజన చూడముచ్చటగా ఉంది. దానితోనే అనుమానం కలగాలి.

మధ్య ఆఫ్రికాలోని ఆకా ప్రజల నడుమ బారీ హ్యూలెట్ చేసిన పరిశోధన 1991లో గ్రంథంగా వచ్చింది. ఆకా తండ్రులు పగటికాలంలో దాదాపు సగంసేపు శిశువుకు చేయిచాపు దూరంలో ఉంటారు. బిడ్డను గుండెకు హత్తుకొని మోస్తారు, ముద్దుచేస్తారు. ఎగరేసి పట్టుకొనే మోటుసరదా ఆటలు మాత్రం వారిలో అరుదు. హ్యూలెట్ వాదన సూటిగా ఉంటుంది. రోజంతా బిడ్డతో ఉండే తండ్రికి ఆ బిడ్డ సంకేతాలు తెలుసు. చేరువ కావడానికి అతనికి ఎగరేసే ఆట అక్కరలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, అరగంటలో చనువు కూడగట్టుకోవలసిన తండ్రికే అది కావాలి. స్వీడన్‌లో లాంబ్ బృందం 1980ల తొలినాళ్ళలో చేసిన పరిశీలనలలో కూడా తండ్రులు తల్లులకంటే ప్రత్యేకంగా ఆటకాళ్ళుగా కనిపించలేదు. ఆ దేశం 1974లోనే ప్రసూతిసెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది.

కనుక 'తండ్రి అంటే ఆట' అన్నది పురుషస్వభావం కాదు, పారిశ్రామికనగరపు పనిగంటలు తయారుచేసిన అలవాటు కావచ్చు. తల్లికి ఊరడింపును, తండ్రికి సాహసాన్ని శాశ్వతంగా రాసిచ్చే సిద్ధాంతం బౌల్బీ చేసిన పొరపాటునే తలకిందులుగా మళ్ళీ చేస్తుంది. పాకెట్ ప్రతిపాదనను మన పరిశోధకులు కొత్తదన్న ఉత్సాహంతో దిగుమతి చేసుకొనేముందు ఈ ఆకా తండ్రులను ఒకసారి తలచుకోవాలి.

6. చట్టం, సెలవు, సంరక్షణ

1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని ఆరో సెక్షను తండ్రిని సహజసంరక్షకుడిగా పేర్కొంటూనే, ఐదేళ్ళు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్దే ఉండాలంటుంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తల్లికి సంరక్షకత్వం విషయంలో ఉన్న అడ్డును చాలావరకు సడలించింది. లేతవయసు పిల్లలు తల్లి దగ్గర ఉండాలన్న సూత్రానికి మూలాలు బౌల్బీకంటే చాలా పాతవి. ఇంగ్లండులో 1839 నాటి చట్టం ఏడేళ్ళలోపు పిల్లలకోసం తల్లి న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలు కల్పించింది. అప్పటిదాకా బిడ్డలపై సర్వాధికారం తండ్రిదే గనుక, ఆ సూత్రం తల్లికి దక్కిన తొలి రక్షణ. ఈ చరిత్ర మరచి, ఇప్పుడు తండ్రుల పక్షాన అదే సూత్రాన్ని ఖండించడం సులభం, అన్యాయం కూడా. ఈ వ్యాసకర్త అభ్యంతరం సూత్రంమీద కాదు. దానికి అనుబంధశాస్త్రాన్ని సాక్షిగా పిలవడంమీద.

ఈ శాస్త్రం నిర్మించినవారే ఇప్పుడు అటువంటి సాక్ష్యానికి ఒప్పుకోవడం లేదు. 2021లో 70 మంది అనుబంధ పరిశోధకులు కలసి న్యాయస్థానాలనుద్దేశించి ఒక సంయుక్తవ్యాసం ప్రకటించారు. బిడ్డకు ఒకరితో అనుబంధం మరొకరితో అనుబంధానికి అడ్డు కాదనీ, ఒక్క బిడ్డ విషయంలో తీర్పు చెప్పడానికి అనుబంధవర్గీకరణ పనికిరాదనీ అందులో హెచ్చరించారు. పరిచితులైన, హాని తలపెట్టని పెంపకందారులు ఉండడం, ఆ పెంపకం తెగిపోకుండా సాగడం, అటువంటి సంబంధాలు ఒకటికి మించి ఉండడం, ఈ మూడింటినీ చూడమన్నారు. 'మంచి తల్లి' ఎవరో తేల్చే ప్రయోగశాల తమ దగ్గర లేదని చెప్పడమే ఇది.

సెలవుల సంగతి చూస్తే, 2017 సవరణ ప్రసూతిసెలవును 12 వారాలనుంచి 26 వారాలకు పెంచింది. అదే సవరణలో తండ్రికి ఒక్కరోజు కూడా లేదు. కేంద్రప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి వేరే నిబంధన కింద 15 రోజులున్నాయి. ఆరునెలలపాటు బిడ్డ సంకేతాలు చదవడం ఒకరే నేర్చుకొని, రెండోవారు నేర్చుకొనే వీలు లేకపోయాక, ఏడో నెలలో బిడ్డ ఎవరివైపు చేతులు చాపుతుందో చెప్పడానికి పరిశోధన అవసరం లేదు. ఆ చాపిన చేతులను ప్రకృతి అని పిలవకుండా ఉంటే చాలు.

7. పుట్టింటి పురుడు, తెలుగు మాటలు

1988లో వాన్ ఐజెండోర్న్, పీటర్ క్రూనెన్‌బర్గ్ ఎనిమిది దేశాలలో జరిగిన 32 అపరిచిత సన్నివేశ అధ్యయనాలను కలిపి చూశారు. అందులో దేశాల నడుమ తేడాకంటే ఒకే దేశం లోపలి తేడా ఎక్కువని తేలింది. ఆ ఎనిమిదిలో భారతదేశం లేదు. మన శిశువుల గురించి విస్తృతంగా చదివే గ్రంథాలు వేరే దారివి. సుధీర్ కాకర్ 1978 నాటి గ్రంథం మనోవిశ్లేషణ దృష్టితో రాసినది. ఉమ్మడికుటుంబంలో తండ్రి పెద్దల ఎదుట సొంతబిడ్డమీద మురిపెం చూపకుండా నిగ్రహించుకోవడాన్ని ఆయన గుర్తించారు. స్టాన్లీ కర్ట్జ్ 1992లో ఒక్క తల్లి స్థానంలో పలువురు తల్లులను నిలిపి బౌల్బీ మూసను బద్దలుకొట్టాడు. కాని ఆ పలువురూ స్త్రీలే. తల్లుల సంఖ్య పెరిగింది తప్ప తండ్రి ఇంకా అరుగుమీదే ఉన్నాడు.

తెలుగు కుటుంబాలలో తొలిచూలు పురుడు పుట్టింట జరగడం ఇప్పటికీ విరివిగా ఉన్న ఆచారం. తండ్రి బిడ్డను చూసి వెళ్తాడు, బారసాలకు మళ్ళీ వస్తాడు. చాలా ఇళ్ళలో పళ్ళెంలోని బియ్యంమీద ఉంగరంతో బిడ్డపేరు రాసేది అతనే. ఆ తరువాత తన ఊరికి, ఉద్యోగానికి తిరిగిపోతాడు. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తవారింటికి చేరతారు. గ్లాస్గో లెక్కతో చూస్తే ఈ ఎడబాటు నిర్దిష్ట అనుబంధం ఏర్పడే వయసుకు ముందే ముగుస్తుంది. కాబట్టి శిశువు దృష్టిలో ఆ తండ్రి ఆలస్యంగా వచ్చినవాడు కాడు. ఆలస్యం ఇంకొకచోట జరుగుతుంది. కాళ్ళమీద పడుకోబెట్టుకొని నీళ్ళుపోయడం, సాంబ్రాణి వేయడం, ఏడుపులో ఆకలి ఏదో నిద్ర ఏదో పసిగట్టడం, ఈ విద్యలన్నీ ఆ మూడునాలుగు నెలల్లో అమ్మమ్మనుంచి తల్లికి అందుతాయి. తండ్రి వచ్చేసరికి పాఠం అయిపోతుంది. బిడ్డ ఏడ్వగానే అతను దాన్ని తల్లి చేతికి అందిస్తాడు. అందించిన ప్రతిసారీ అతనికి నేర్చుకొనే అవకాశం ఒకటి తగ్గుతుంది. ఇది అనుబంధలోపం కాదు, శిక్షణలోపం. రెండింటినీ వేరుచేయగల అధ్యయనం చేయడానికి తెలుగునేల అనువైనది. ఒకే ఇంట్లో తొలిచూలు పుట్టింటా, మలిచూలు అత్తింటా జరిగిన సందర్భాలలో అదే తండ్రిని రెండు స్థితులలో చూడవచ్చు.

మాటల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన పుస్తకాలలో వాడుతున్న 'అనుబంధం' పెద్దల బాంధవ్యానికీ, గ్రంథం చివర చేర్చే భాగానికీ కూడా చెల్లే పదం. శిశువు చేసే పని అందులో కనబడదు. వాడుకలో అంతకంటే సూక్ష్మమైన మాటలున్నాయి. బిడ్డ ఒకరికి 'మాలిమి' అవుతుంది. ఒకరిదగ్గర దానికి 'చేరిక' ఏర్పడుతుంది. వారు కనబడకపోతే 'బెంగ' పెట్టుకుంటుంది. బెంగ తల్లిమీదే ఉండాలన్న నియమం తెలుగులో లేదు. తాతమీద, అక్కమీద, పనిమనిషిమీద కూడా బిడ్డ బెంగపెట్టుకుందంటాం. అలాగని వాడుకభాష అంతా ఉదారమైనదని పొంగిపోనక్కరలేదు. 'అమ్మకూచి', 'నాన్నకూచి' అన్నవీ మన మాటలే. బిడ్డ ఒక పక్షంలో చేరాలన్న ఊహ వాటిలో ఉంది. పైగా మొదటిది మగపిల్లవాడిపట్ల ఎగతాళిగా, రెండోది ఆడపిల్లపట్ల మురిపెంగా వినబడుతుంది.

విదేశాలలోని తెలుగు కుటుంబాలలో ఈ ఆచారం తారుమారైంది. కూతురు పుట్టింటికి రాలేనప్పుడు పుట్టిల్లే అమెరికాకు వెళ్తుంది. అమ్మమ్మ ఆరునెలల సందర్శకవీసామీద వెళ్ళి పురుడుపోసి తిరిగివస్తుంది, ఆమె వచ్చేశాక నాయనమ్మ వెళ్తుంది. అక్కడ తండ్రి తొలిరోజునుంచే ఇంట్లో ఉన్నాడు, డైపర్లు మారుస్తున్నాడు, రాత్రిళ్ళు మేలుకొంటున్నాడు. తొలి ఆరునెలలు ఎత్తుకున్న చేతులు మాత్రం శిశువు నిర్దిష్టవ్యక్తులను గుర్తించి పట్టుకొనే వయసు మొదలవుతుండగానే విమానమెక్కుతున్నాయి. ఆ వారాల్లో బిడ్డ నిద్ర, తిండి, ఏడుపు ఎలా మారాయి, అప్పుడు అది తల్లి భుజంమీద ఊరట పొందిందా, తండ్రి భుజంమీదా, ఫోనులో అమ్మమ్మ గొంతు వినిపిస్తే ఏం చేసింది అన్నవి ఇంటివారిని అడిగి, స్వయంగా చూసి నమోదు చేయగల విషయాలే. వీటికి రెండు కుర్చీల గది అవసరం లేదు. మన పరిశోధకుల ప్రశ్నావళులలో 'ప్రధాన సంరక్షకురాలు' అన్న ఒకే ఒక గడి ఉంటున్నంతకాలం, ఆ ఇంటికి వెళ్ళినవారు తల్లిపేరు రాసుకొని తిరిగివస్తారు.